సంత కిలో

పుంగనూరు,
జూన్ 11, 2024

నా తల్లి సాజిదాకు,

నీకు ఉద్యోగం వచ్చేసిందమ్మా! సర్కారు ఉద్యోగం! తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు!

నిన్న పదకొండు గంటలకు పోస్టుమాన్ సంతకం పెట్టించుకొని కవరు ఇచ్చినాడు. తొందరలో చించితే కవరు అడ్డంగా చినిగింది. లోపలి కాయితానికి ఏమీ కాలేదు, భయపడొద్దు. మీ అమ్మ ఫోను తీసి నీకు చేయబోతే లాక్కున్నాను. "యాల లాక్కుంటావు? బిడ్డకు చెప్పొద్దా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఫోనులో అయితే మీరిద్దరే మాట్లాడుకుంటారు, నాకేమీ వినపడదు. నలభై ఐదేళ్ళు ఇనుము మీద సుత్తి కొట్టిన చెవులు ఇవి. ఈ కబురు నేనే చెప్పాలి, నా చేత్తో రాసే చెప్పాలి. రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. ఉద్యోగంలో చేరడానికి ఇరవై ఎనిమిదో తేదీ దాకా గడువుంది, మూడుసార్లు చూసినాను.

ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి నేను. కాటాలు రిపేరు చేసుకుని బతికినవాణ్ణి. ఏడాదికి ఒకసారి ఆఫీసరు వచ్చి కాటాకు ముద్ర వేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడినవాణ్ణి. ఇప్పుడు ఆ ముద్ర నా కూతురి చేతిలో! నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు, సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

ఒక్క అనుమానం మాత్రం ఉంది. కాయితం పైన మన రాష్ట్రం గుర్తు ఉంది. లోపల చూస్తే రెండువేల తొమ్మిది చట్టం అని ఉంది. అది ఢిల్లీ చట్టం, నా రిపేరు లైసెన్సు మీద కూడా ఆ పేరే ఉంటుంది. జీతం రాష్ట్రానిది, చట్టం ఢిల్లీది అయితే ఇది ఎవరి ఉద్యోగం? ఎవరైనా దొంగ కాయితం పంపలేదు కదా? ఎండలో పెట్టి చూసినాను, ముద్ర నిజమైనదిగానే ఉంది. అయినా ముద్రల మధ్య బతికినవాణ్ణి, ముద్రను చూసి నమ్మేవాణ్ణి కాను. నువ్వు మదనపల్లెలో పిల్లలకు ట్యూషన్‌లో చెప్పేది ఈ రాజ్యాంగం పాఠాలే కదా. కాయితం ఈ కవరులోనే పెట్టినాను. నిమ్మళంగా చదివి నాకు జవాబు రాయి.

నీ అబ్బా
యాకూబ్


మదనపల్లె,
జూన్ 14

అబ్బాకు సాజిదా సలాం.

నీ జాబు, కాయితం రెండూ అందాయి. హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదువుకున్నాను. అమ్మ ఆ రోజు సాయంత్రమే పక్కింటి ఫోను నుంచి నాకు చెప్పేసింది. నీకు చెప్పొద్దంది. చెప్పేశాను, ఇద్దరూ కొట్టుకోకండి.

కాయితం నిజమే. నీ అనుమానానికి జవాబు చెప్తాను, ఎదురుగా కాటా ఉందనుకో. ఒక కిలో అంటే ఎంత బరువు? అది తేల్చే అధికారం పార్లమెంటు ఒక్కదానిదే. దేశమంతటికీ ఒకటే కిలో. ఇది కేంద్ర జాబితా. ఆ కాటా పెట్టిన సంత ఎవరిది? సంతల గురించి చట్టం చేసేది రాష్ట్రం. ఇది రాష్ట్ర జాబితా. ఇక ఆ సంతలో ఆ కిలోను సరిగ్గా వాడుతున్నారా లేదా అన్నది ఉమ్మడి జాబితా. దాని మీద ఇద్దరూ చట్టం చేయవచ్చు. ఇద్దరి మాటా కుదరకపోతే మామూలుగా పార్లమెంటు మాటే నిలుస్తుంది. ఒకప్పుడు ఈ తనిఖీ రాష్ట్ర జాబితాలోనే ఉండేది, ఎమర్జెన్సీ రోజుల్లో రాజ్యాంగం మార్చి ఉమ్మడిలోకి తెచ్చారు. అందుకే నా చట్టం ఢిల్లీది, నా జీతం రాష్ట్రానిది. ఒకే పెట్టె టమోటాల మీద ఇన్ని చేతులు.

పై ఆఫీసర్ భీమరావుగారిని కలిశాను. నాకు కుప్పం ఇచ్చారు. నువ్వు ఆ వైపు పనికి వెళ్ళేవాడివి కదా? నా చిన్నప్పుడు ఏటా ఒక రోజు తెల్లవారి బస్సుకు పోయి, సాయంత్రానికి సంచి నిండా బీన్సు తెచ్చేవాడివి. అది ఏ మండీనో చెప్పు. తెలిసినవాళ్ళుంటే గది వెతుక్కోవడం తేలిక అవుతుంది.

సాజిదా


పుంగనూరు,
జూన్ 21

నా బంగారు తల్లికి అబ్బా దువాలు.

నీ జాబు మూడుసార్లు చదివినాను. నాలుగోసారి మీ అమ్మకు వినిపించినాను, ఆమె మొహం చూడకుండా. ఎంత బాగా చెప్పినావమ్మా! టీ అంగట్లో కూచుని అందరికీ చెప్పినాను. కిలో ఢిల్లీది, సంత రాష్ట్రానిది, తనిఖీ ఇద్దరిదీ. అందరూ నోరు తెరిచినారు. అంగడి రామమూర్తి మాత్రం గ్లాసు కడుగుతూ గట్టిగా, "మరి దొంగతనం యే జాబితాలో ఉండాది సాబూ?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. వాడు నన్ను చూసే ఎందుకు అడిగినాడు?

కుప్పం మాత్రం వద్దమ్మా. ఒకటి, దూరం. రెండు, నీకు ఆ నీళ్ళు పడవు. మూడు, ఏనుగులు. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, ఏ కాటా ఏ రాష్ట్రం నుంచి వస్తుందో పట్టుకోలేవు. పలమనేరు అడుగు. ఇన్ని ఊర్లుండగా ఆ భీమరావు నీకు కుప్పమే ఎందుకు ఇచ్చినాడు? ఎవరో ఆయన చెవిలో ఊదినారు. ఆయనది ఏ ఊరు, ఎవరి మనిషి, నీకు నాకు సంబంధం ఆయనకు ముందే తెలుసా, కనుక్కో. నేరుగా అడగొద్దు.

నేను కుప్పం పోయింది ఒకటి రెండుసార్లు, అంతే. బీన్సు పలమనేరులో కొన్నవి అయివుంటాయి. చిన్నపిల్లవు, నీకేం గుర్తు.

అమ్మ నువ్వుండలు పంపుతోంది. ఆఫీసులో ఎవరికీ పెట్టొద్దు. ఇప్పుడు నువ్వు ఆఫీసరు. పెట్టినా తప్పే, తీసుకున్నా తప్పే.

యాకూబ్


కుప్పం,
ఆగస్టు 3

అబ్బాకు సలాం.

రేషను అంగడి పైన గది దొరికింది. నీళ్ళు బాగానే పడ్డాయి. ఏనుగులను మాత్రం ఇంకా చూడలేదు, వాటి అడుగులు చూశాను. రామకుప్పం వైపు ఒక చేలో రాగి పైరు మొత్తం పడి ఉంది. ఆ చేను కమలాక్షి అనే ఆమెది. టమోటా, బీన్సు పండించి కుప్పం మండీకి తెస్తుంది. నేను పలకరిస్తే ఆమె అంది: "ఏనుగును ముట్టుకోకూడదని సట్టం ఢిల్లీది. నష్టం రాసుకునే అయ్య రాష్ట్రం మనిషి. తొక్కిన రాగి మాత్రం నాది. నువ్వెవరి మనిషివమ్మా?"

తూనికల ఆఫీసరునని చెప్పాను. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "అయితే మల్లప్ప మండీ కాటా సూడు. మా ఇంటికాడ తూసిన సరుకు ఆడికి పోతే, పెట్టె బరువు తీసేసినా ఇంకా కిలో పైన తగ్గతాది. దారిలో టమోటాలు సన్నబడతాయా?"

ఆ మధ్యాహ్నమే మండీకి వెళ్ళాను, ఊరికే చూసి రావడానికి. మల్లప్ప లేచి నిలబడ్డాడు. "రామ్మా, రా! మా యాకూబ్ సాబు బిడ్డవంటే మా బిడ్డవే. ఇరవై ఏండ్లు మా కాటాకు ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగలనిచ్చినామా?" అన్నాడు. జేబులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. దస్తూరి నీదే. నేను చదివేలోపే మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ పెట్టుకున్న తీరు నాకు నచ్చలేదు.

ఒకటి రెండుసార్లు అని రాశావు. ఇరవై ఏళ్ళు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఆ కార్డులో ఏముంది?

సాజిదా


పుంగనూరు,
ఆగస్టు 9

సాజిదాకు,

ఇన్‌స్పెక్షన్ ఇంట్లోనే మొదలుపెట్టినావా? బాగుంది.

కార్డులో ఏముంటుంది? సంతోషం పట్టలేక నాకు తెలిసిన మండీలన్నిటికీ కార్డులు రాసినాను. ముప్పై ఒకటి రాసినాను, వేలు వాచింది. మా అమ్మాయి మీ వైపు ఇన్‌స్పెక్టరుగా వస్తాండాది, ఆడపిల్ల, కొత్త ఊరు, కాస్త చూసుకోండి అన్నాను. తండ్రి రాయకూడనిది ఏముంది అందులో? మల్లప్ప దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాడని నాకేం తెలుసు? తిరుగుతున్నాడంటే వాడికేదో ఆలోచన ఉంది. వాడి దగ్గర మంచినీళ్ళు కూడా తాగొద్దు.

ఒకటి రెండుసార్లా, ఎక్కువసార్లా అని నేను గోడ మీద గీతలు గీసుకున్నానా? ముసలివాణ్ణి, మర్చిపోతుంటాను.

ఆ కాటా పాతది. అడుగు పలక విప్పొద్దు. లోపలంతా తుప్పు, వేలు తెగితే సెప్టిక్ అవుతుంది. పైపైన చూసి ముద్ర వేసి పంపించు. నీకు ముందున్న ఆఫీసర్లంతా అట్లే చేసినారు, వాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

ఆ కమలాక్షి అనే ఆమె పొడుగ్గా, ఎడమ చేతికి రాగి కడియంతో ఉంటుందా? ఊరికే అడిగినాను.

యాకూబ్


కుప్పం,
సెప్టెంబరు 22

అబ్బా,

ఆమె ఎడమ చేతికి రాగి కడియం ఉంది. ఆ ఊరికి ఒకటి రెండుసార్లే వెళ్ళినవాడివి, ఆమె చేతి కడియం నీకెలా తెలుసు?

ఫోనులో అరిచి అడగగలిగే మాటలు కావు. అందుకే రాస్తున్నాను.

నిన్న ఉదయం వేలం మొదలవకముందే మల్లప్ప మండీకి వెళ్ళాను. సర్కారు ఇరవై కిలోల గుండు కాటా మీద పెట్టించాను. కాటా పదిహేడు చూపించింది. మల్లప్ప కంగారు పడలేదు. "ఉత్త గుండు పెడితే అంతే సూపిస్తాదమ్మా. పెట్టెతో కలిపి పెట్టు, సరిగ్గా ఉంటాది" అన్నాడు.

అడుగు పలక విప్పించాను. నువ్వు చెప్పినంత తుప్పు లేదు. లోపలి చట్రానికి తీగతో ఒక సీసపు గుండు వేలాడుతోంది. అది ఉన్నంతసేపు కాటా మీద ఏది పెట్టినా మూడు కిలోలు తక్కువ చూపిస్తుంది. గుడ్డతో తుడిస్తే నెలవంక గుర్తు, దాని కింద 114 కనిపించాయి. నా సైకిలు గంట మీద నువ్వు కొట్టిన నెలవంకే అది. 114 నీ లైసెన్సు నంబరు.

మల్లప్ప కుర్చీ జరుపుకుని నిదానంగా చెప్పాడు. "ఇది దొంగతనం కాదమ్మా, సంత కట్టుబాటు. పెట్టె బరువు తీసెయ్యాల్నా లేదా? ప్రతి పెట్టెకూ తీసివేత యాడ రాసుకుంటాం? రైతులూ మేమూ కూచోని ఒప్పుకుంటిమి, పెట్టెకు మూడు కిలోలు అని. మీ నాయన గుండు పోసి ఇచ్చినాడు. కాయితం కూడా ఉండాది. అయినా సంత రాష్ట్రానిది, నువ్వు రాష్ట్రం ఆఫీసరువి. ఢిల్లీ సట్టానికి ఈడేం పని?"

"సంత రాష్ట్రానిదే, మల్లప్పగారూ. గేటు ఎప్పుడు తీయాలో, వేలం ఎక్కడ పాడాలో అక్కడ తేల్చుకోండి. కిలో ఎంతో తేల్చే అధికారం మన అసెంబ్లీకే లేదు. మీ మండీకి ఎవరిచ్చారు?" అన్నాను.

పెట్టెలు మోసే ఒకాయన అడిగాడు: "అంటే ముఖ్యమంత్రి సెప్పినా కిలో మారదా మేడం?"

"మారదు."

"సూడప్పా, మా మల్లప్ప మార్సినాడు! ఎంత పెద్దోడో!"

మండీ అంతా నవ్వింది. మల్లప్ప కూడా నవ్వాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: "గుండు పోసింది నేను కాదు తల్లీ. కేసు రాస్తే మొదటి పేరు మీ నాయనదే పడతాది. లైసెన్సు పోతాది, పేరు పోతాది. ఉద్యోగం వచ్చిందని ఊరంతా కార్డులు రాసుకున్న మనిషి. ఆలోచించుకో."

కాటానూ గుండునూ స్వాధీనం చేసుకుని సీలు వేశాను. రిపోర్టు రాశాను. ఎవరు చేశారు అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. పదో తేదీలోపల ఇవ్వాలి. నీ గుర్తును ఇంకెవరైనా దొంగిలించి కొట్టారా? అదైనా చెప్పు. ఏదో ఒకటి చెప్పు.

సాజిదా


మదనపల్లె,
అక్టోబరు 3

సాజిదా,

ఈ జాబు పరంజ్యోతి ఇంట్లో కూచుని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు టమోటా మండీలో వేలంపాట పాడిన మనిషి, నీకు తెలుసు కదా. కవరు రెండుసార్లు అంటించినాను. అంటించిన చోట నా వేలిముద్ర వేసినాను. అది చెదిరి ఉంటే ఎవరో తెరిచినట్టు. మల్లప్పకు పోస్టాఫీసులో మనుషులుండవచ్చు.

నీ జాబు అందినాక ఎనిమిది రోజులు జవాబు రాయలేదు. నా లెక్క సరి అని నిరూపించాలని ఈడికి వచ్చినాను. నిజం చెప్పాలని రాలేదమ్మా, గెలవాలని వచ్చినాను.

ఆ గుండు నేను పోసిందే. అప్పట్లో టమోటాలు చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టె బరువు మీద రోజూ కొట్లాటలు. మూడు కిలోలు అని అందరూ ఒప్పుకున్నాక, కొలిమిలో సీసం కరిగించి నేనే పోసినాను. ముద్ర వేసే రోజు గుండు తీసి పక్కన పెట్టేవాళ్ళం. మర్నాడు నేను పోయి తగిలించేవాణ్ణి. ముద్ర పడిన రోజు ఢిల్లీ కిలో, మర్నాటి నుంచి సంత కిలో. నాకు అది తప్పు అనిపించలేదు. నా గుర్తు ఎందుకు కొట్టినానో తెలుసా? మల్లప్ప దాన్ని తీసేసి నాలుగు కిలోలది పెట్టకుండా. రైతుకు కాపలా అనుకున్నాను.

అందుకే చెక్కపెట్టె తూచి నీకు చూపించాలనుకున్నాను. మదనపల్లె అంతా వెతికినా చెక్కపెట్టె లేదు. ఆఖరుకు పరంజ్యోతి పెరట్లోనే దొరికింది. దాంట్లో కోడి పొదుగుతోంది. "కోడిని లేపితే నీ తూకం నేను చెప్తా సాబూ" అని వాళ్ళావిడ మార్తమ్మ పొరక పట్టుకుని నిలబడింది. పరంజ్యోతి ఆమెను బతిమాలి, గుడ్లతో సహా కోడిని గంపలోకి మార్పించినాడు. పెట్టె కడిగి ఎండబెట్టి తూచినాను. మూడు కిలోల యాభై గ్రాములు. ఎగిరి గంతేసినాను. "చూసినావా, నా చెయ్యి!" అని అరిచినాను.

పరంజ్యోతి బయటికి పోయి ప్లాస్టిక్ పెట్టెలు తెచ్చినాడు. ఇరవై. ఒక్కొక్కటీ తూచినాను. ఒకటి కిలో ఆరు వందలు, ఒకటి కిలోన్నర, ఒకటి కిలో ఆరువందల యాభై. రెండు కిలోలు ఉన్నది ఒక్కటీ లేదు. తూచిందే మళ్ళీ తూస్తుంటే వాడు అన్నాడు: "ఎన్నిసార్లు తూస్తావప్పా? చెక్కపెట్టెలు పోయి పన్నెండేండ్లాయె. మండీలో అందరికీ తెలిసిన సంగతే. నీకు తెలీదా?"

తెలుసు.

ఇది రాయడానికే ఎనిమిది రోజులు పట్టింది. ప్లాస్టిక్ పెట్టెలు వచ్చిన ఏడు, ముద్ర పడిన మర్నాడు నేను గుండు తగిలిస్తున్నాను. పొడుగాటి ఆడమనిషి వచ్చి ఉత్త పెట్టెను నా ముందుకు ఎత్తి పట్టింది. చేతికి రాగి కడియం ఉంది. "సాహెబూ, ఈ పెట్టె సిటికెన వేలికి లేస్తాది సూడు. నీ గుండు మాత్రం పాత పెట్టె బరువే ఉండాది. యాల?" అని అడిగింది. "నాకు తెలీదమ్మా, మండీవాళ్ళను అడుగు" అన్నాను. మల్లప్పతో చెప్తే, "వచ్చే ఏడు సూద్దాంలే" అన్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పోయినాను, తొమ్మిదేళ్ళూ అదే గుండు తగిలించినాను. మోకాళ్ళు పోయినాక వాళ్ళే తగిలించుకున్నారు. ఆకురాయి నా సంచిలోనే ఉండేది. అరగంట రుద్దితే గుండు సగం అయ్యేది. రుద్దలేదు.

నా పేరు రాయి అనే ధైర్యం నాకింకా రాలేదు. రాయొద్దని మాత్రం అడగను.

యాకూబ్


కుప్పం,
అక్టోబరు 9

అబ్బా,

రాశాను. గడిలో నీ పేరు, నీ లైసెన్సు నంబరు రాశాను. మల్లప్ప పేరు కూడా రాశాను. నీ పేరు పక్కన "నా తండ్రి" అని రాసి, ఈ కేసు నేను చూడకూడదని కింద ఇంకో కాయితం రాసి భీమరావుగారికి ఇచ్చాను. ఇక ఇది ఆయన చేతిలో ఉంది.

నువ్వు అనుమానించావు కాబట్టి చెప్తున్నాను. నన్ను ఇక్కడికి ఎందుకు వేశారని ఆయననే అడిగాను, నేరుగా. కుప్పం ఎవరూ అడగలేదట, అందుకని కొత్తవాళ్ళకు ఇచ్చారట. అంతే.

నీ దగ్గర నుంచి ఏదైనా ఉత్తరం వచ్చిందా అని ఆయన అడిగారు. వచ్చింది అన్నాను. జతచేస్తావా అన్నారు. అది కూతురికి వచ్చిన ఉత్తరం, చెప్పాల్సింది మా అబ్బానే వచ్చి చెప్తారు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నువ్వు వస్తావని నాకు నమ్మకం లేదు. రాకపోతే మల్లప్ప మొత్తం నీ మీదే తోసేస్తాడు, నీ గుర్తు ఒక్కటే మాట్లాడుతుంది.

నవంబరు 18న విచారణ. ఆ రోజు నన్ను మదనపల్లె ఆఫీసుకు పంపుతున్నారు. నేను అక్కడ ఉండకూడదు.

ఆ బీన్సు మల్లప్ప ఇచ్చినవే కదా? అందరమూ తిన్నాం. నేను ఇంకా కావాలని అడిగి తిన్నాను.

సాజిదా


కుప్పం బస్టాండు,
నవంబరు 18

నా తల్లి, నా ఆఫీసరు సాజిదాకు,

చెప్పేసినానమ్మా! మొత్తం చెప్పేసినాను!

పుంగనూరు బస్సుకు ఇంకా టైముంది, బల్ల మీద కూచుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు, పక్కన ఒకాయన బల్ల ఊపుతున్నాడు. నా జాబు చదవాలని చూస్తున్నాడేమో అని మొదట అనుకున్నాను. చదివితే చదవనీ.

ఆ భీమరావు మంచివాడమ్మా. కుర్చీ వేసినాడు. ఏదో అడిగినాడు, నాకు వినపడలేదు. అడిగినా అడగకపోయినా నేను మొదలుపెట్టినాను. సీసం ఎక్కడ కొన్నాను, కొలిమి ఎన్ని గంటలు ఊదినాను, ముద్ర మర్నాడు ఏ బస్సుకు పోయేవాణ్ణి, కమలాక్షికి ఏం జవాబు చెప్పినాను, అన్నీ చెప్పినాను. నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో తెలియలేదు. చూస్తే కిటికీల దగ్గర జనం. బంట్రోతు టీ గ్లాసులు పట్టుకుని అట్లే నిలబడిపోయినాడు. మల్లప్ప లాయరు కాయితం తీసి, "ఇది సంత ఒప్పందం" అన్నాడట. భీమరావు నాకు అర్థం కావాలని ఒక చీటీ మీద రాసి చూపించినాడు: "ఈ ఒప్పందం రాసినప్పుడు పెట్టె బరువెంత? ఇప్పుడెంత?" అప్పుడు మూడు కిలోలు అని చెప్పి, ఇప్పటి పెట్టెలవి పరంజ్యోతి ఇంట్లో తూచిన ఇరవై తూకాల పట్టీ తీసి బల్ల మీద పెట్టినాను. లాయరు తన కాయితం మడిచేసుకున్నాడు.

లైసెన్సు వాళ్ళు తీసుకోకముందే నేనే ఇచ్చేసినాను. జుర్మానా పడుతుంది, పడనీ. నా కూతురు నా పేరు రాసిందమ్మా! ఇంకొకడు రాసి ఉంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఇంకొకడు రాయకుండా వదిలేసి ఉంటే వాడికి బానిసనై బతికేవాణ్ణి. నువ్వు రాసినావు. మల్లప్ప నా కార్డు జేబులో పెట్టుకుని తిరిగినా రాసినావు. ఈ బస్టాండులో అందరినీ ఆపి చెప్పాలని ఉంది.

మండీకి పోయినాను. కొత్త కాటా వచ్చింది, అంకెలు ఎర్రగా వెలుగుతాయి. పక్కనే ఉత్త పెట్టెను విడిగా తూస్తున్నారు. కమలాక్షి వరసలో ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చి చెవి దగ్గర అరిచింది: "పన్నెండేండ్లు సాహెబూ! నా బీన్సు, నా టమోటాలు, ఏ పెట్టెలోనూ నాకు సరిగ్గా పడలా. ఇప్పుడొచ్చి నిలబడితే తిరిగొస్తాయా?" రావు అన్నాను. "కూచో మల్ల, ఎండలో పడిపోతే ఆ పాపం కూడా నాకే" అని తన గోనె పరిచింది. క్షమించినానని అనలేదు. నేను అడగలేదు. ఆమె పెట్టె తూకం అయ్యేదాకా కూచుని చూసినాను. ఇరవై నాలుగు కిలోల రెండు వందలు. ఇంటి దగ్గరా అంతే తూగిందట.

నువ్వు ఒకటి మర్చిపోవద్దు. మల్లప్ప నాకు నమస్కారం పెట్టి నవ్వినాడు. ఆ నవ్వు మంచిది కాదు. అంకెలు వెలిగే కాటాలకు లోపల ఏం పెడతారో నాకు తెలియదు, నీకు తెలియాలి. ముద్ర వేసిన రోజు పోతే ఏమీ కనపడదు. మర్నాడు పో.

ఇక చెప్పాల్సినవాళ్ళు. ఎవరి ద్వారానో తెలిస్తే తలా ఒక కథ అల్లుతారు, మనమే చెప్పాలి:

పీలేరులో మీ అమ్మ తోబుట్టువు మెహ్‌నాజ్ ఖాలాకు. వినకముందే ఏడుస్తుంది. జైలు లేదు అన్న మాట ముందు చెప్పి తర్వాత మిగతాది చెప్పు.

అంగళ్లులో మోసిన్ చాచాకు. వాడి కాలేజీ క్యాంటీనులో అందరి ముందూ చెప్పొద్దు, ఇంటికి పోయి చెప్పు. తమ్ముడే అయినా ఆరు నెలలు నాతో మాట్లాడడు. అయినా చెప్పాలి.

వాల్మీకిపురంలో ఇమ్తియాజ్ మామకు. కాటా పని నా దగ్గర నేర్చుకున్నవాడు. వాడికి నేనే ఎదురుగా చెప్తాను. చెప్తూ వాడి సంచి వైపు చూస్తాను. వాడి దగ్గర ఎన్ని గుండ్లున్నాయో నాకు అనుమానమే.

పరంజ్యోతికి, మార్తమ్మకు. చుట్టాలు కాకపోయినా రాసుకో.

ఆఖర్న మీ అమ్మ ఖైరున్నీసాకు. ఈ ఐదు నెలలూ ఆమెకు నేనేమీ చెప్పలేదు, నీ జాబులు కూడా చదివి వినిపించడం మానేసినాను. చెవులు చూపించుకోవడానికి పోతున్నానని చెప్పి వచ్చినాను. ఆఖర్న రాసినానని ఆఖర్న చెప్పేది కాదు. బస్సు దిగి ఇంటికి పోగానే ఆమెకే ముందు చెప్తాను. చెప్పినాకే ఈ జాబు డబ్బాలో వేస్తాను. నీకు అందిందంటే ఆమెకు తెలిసినట్టే.

నీ అబ్బా
యాకూబ్